శెనక్కాయ మొక్కకు కడప బండ

మా ఆయన మీద నాకు ఫిర్యాదులేమీ లేవు, ఒక్కటి తప్ప. పుట్టినప్పటి నుంచి ఈ రోజు దాకా ఆయన ఒక్క తప్పూ చేయలేదు. తప్పు చేయని మనిషితో పదమూడేళ్లు కాపురం చేయడం ఎంత కష్టమో, మామూలు మొగుళ్లున్న ఆడవాళ్లకు చెప్పినా అర్థం కాదు. వంటింటి గట్టుకు కోయించిన బండ నాలుగు అంగుళాలు పొట్టిదైతే, ఎండకు టేపు సాగింది. ప్రొద్దుటూరులో పెళ్లికి మేం ఒక రోజు ఆలస్యంగా వెళితే, శుభలేఖలో అక్షరాలు మరీ సన్నంగా అచ్చేశారు. కాఫీలో ఉప్పు కలుపుకుని తాగితే, ఉప్పుకూ చక్కెరకూ ఒకే రంగు డబ్బాలు కొన్నదాన్ని నేను.

ఆయన పేరు శివశంకర్. కడపలో బండల వ్యాపారం. మా ఊరి పేరు పెట్టుకుని దేశమంతా తిరిగే ఆ నల్లబండే మాకు అన్నం పెడుతుంది, అందుకని ఆయన దాన్ని ఇల్లంతా పరిచారు. వాకిట్లో బండ, పెరట్లో బండ, మేడ మీద బండ, అలమరాల్లో బండ. పెరట్లో ఎక్కడైనా అరచేయంత మట్టి కనబడితే, చొక్కాకు గుండీ ఊడినట్టు ఆయనకు మనసు కుదుటపడదు. మర్నాడే మనిషి వచ్చి కొలత తీసుకుంటాడు.

మా పాప శ్రావణి అయిదో తరగతి. కిందటేడు స్కూల్లో సైన్స్ ప్రదర్శనకు అది అగ్నిపర్వతం చేస్తానంది. అట్ట, మైదా పిండి చాలన్నాను నేను. వాళ్ల నాన్న నిజమైన రాయితో చేయించారు. అగ్నిపర్వతం ఆటోలోకి ఎక్కింది, స్కూలు దగ్గర దిగలేదు. నలుగురు పట్టినా కదల్లేదు. న్యాయనిర్ణేతలు ఆటో దాకా రాలేదు. తప్పెవరిదంటే, స్కూలు వాళ్లది. గేటు దగ్గర ఒక క్రేను పెట్టుకోవద్దా?

అందుకే ఈ ఏడు జూన్‌లో స్కూలు తెరవగానే పాప నాతో ముందే చెప్పింది. "అమ్మా, ఈసారి నేనే చేస్తా. నాన్నకు చెప్పొద్దు."

ఈసారి పని కూడా అట్లాంటిదే. వాళ్ల సైన్స్ టీచరు శివలీల మేడం "గింజ నుంచి గింజ దాకా" అని పెట్టింది. ప్రతి పిల్లా ఒక గింజ నాటాలి, దాన్ని పెంచి మళ్లీ గింజ చేతికొచ్చేదాకా చూడాలి, రోజూ చూసింది ఒక నోటుపుస్తకంలో రాయాలి. దసరా సెలవులయ్యాక ప్రదర్శన. అందరికన్నా బాగున్నది జిల్లా ప్రదర్శనకు వెళుతుంది. మేడం నియమం ఒక్కటే: చూసింది రాయాలి, అనుకున్నది కాదు. మొక్క చచ్చిపోయినా ఫరవాలేదు, చచ్చిపోయిందని రాస్తే చాలు. శ్రావణి ఆ పుస్తకానికి అట్ట వేసి, పేరు రాసి, తలగడ కింద పెట్టుకుని పడుకునేది.

ఏ గింజ నాటాలా అని అది ఆలోచిస్తుండగానే వాళ్ల నాన్న విన్నారు.

"శెనక్కాయ పెట్టమ్మీ! మాది తరతరాల సేద్యం. మా తాత పత్తికొండ కాడ అరవై ఎకరాలు శెనక్కాయ ఏసేటోడు. మా రక్తంలోనే ఉండాది ఆ పంట."

ఆ అరవై ఎకరాల్లో ఈయన ఎన్నిసార్లు అడుగు పెట్టారో మా అత్తగారు కృష్ణవేణమ్మను ఫోన్‌లో అడిగాను. ఆమె లెక్క వేసి చెప్పింది. "రెండు మార్లు పోయినాడమ్మా. రెండో మారు పోయింది, ముందు మారు పోగొట్టుకున్న చెప్పు ఎతుక్కునేదానికి."

జులై ఒకటిన పెరట్లో ఒక వెడల్పాటి సిమెంటు తొట్టి పెట్టి, బయటి నుంచి ఎర్రమట్టి తెప్పించి నింపాం. మా ఇంట్లో మట్టి లేదు కదా. శ్రావణి నాలుగు పప్పులు నాటి, పుష్టిగా వచ్చిన ఒకదాన్ని ఉంచింది. పుస్తకంలో ఇట్లా రాసింది: "6వ రోజు. మొక్క వంగి వచ్చింది. మట్టికి దండం పెడుతూ లేచినట్టుంది. పప్పు రెండు ముక్కలై పక్కన ఉంది. ఆకులు సొంతంగా వండుకునేదాకా అదే దాని సద్దిమూట అని అమ్మ చెప్పింది. చెప్పింది కాబట్టి కింద గీత గీశాను. నేను చూడలేదు."

నేను చెప్పగలిగినదాన్నే. మధులత, బీఎస్సీ, బోటనీ, కడపలోనే. పెళ్లయ్యాక ఆ చదువు కొత్తిమీర ముదరో లేతో చెప్పడానికి తప్ప పనికి రాలేదు.

పద్నాలుగో రోజు సాయంత్రం మా ఆయన పెరట్లోంచి కేక పెట్టారు.

"మధూ! బిరీన రా! చెట్టు పోయింది!"

వెళ్లి చూస్తే మొక్క ఆకులన్నీ జతలు జతలుగా ముడుచుకుని ఉంది. వేరుశనగ ఆకు రోజూ పొద్దుగూకితే అట్లాగే ముడుచుకుంటుంది. ఆకు మొదలు దగ్గర సన్నని కీలు ఉంటుంది. అందులోకి నీరు చేరితే ఆకు విచ్చుకుంటుంది, నీరు తప్పుకుంటే మూసుకుంటుంది. నిద్రపోతోంది, లేపకండి అన్నాను.

"నిద్రపోయేదానికి అదేమన్నా నీ మాదిరి పనిచేసి అలిసిపోయిందా? దప్పికే దానికి." రెండు చెంబులు పోసేశారు.

పొద్దున్నే ఆకులు విచ్చుకున్నాయి. ఆయన మీసం కూడా. "చూసినావా? నేను నీళ్లు పోసినా కాబట్టి లేసింది."

వారం రోజులు ఇదే భాగోతం. రోజూ సాయంత్రం మొక్క పడుకునేది, ఈయన నీళ్లు పోసి బతికించేవారు, పొద్దున అది లేస్తే బిరుదు తీసుకునేవారు. శ్రావణి మాత్రం గుంభనంగా రాసింది: "18వ రోజు. నాన్న తాడిపత్రి వెళ్లాడు. నీళ్లు ఎవరూ పోయలేదు. ఆకులు పొద్దున్నే తెరుచుకున్నాయి."

కింది ఆకులు పసుపు రంగుకు తిరగడం మొదలయ్యాక నేను గట్టిగానే చెప్పాను. "వేళ్లకు కూడా ఊపిరి ఆడాలండీ. మట్టి నిండా నీళ్లుంటే అవి మునిగి చస్తాయి. కాస్త ఎండనివ్వండి. నీళ్ల కోసం వెతుక్కుంటే వేరు లోతుకు పోతుంది."

ఆయన రెండు రోజులు ఆలోచించారు. ఆలోచిస్తే తప్పు దొరకాలి కదా, దొరికింది. తప్పు ఎండది.

"నేను నీళ్లు ఎందుకు పోస్తాండా? మట్టి మీద ఎండ పడి తేమంతా ఆవిరై పోతాండాది కాబట్టి. మట్టిని కప్పేస్తే? తేమ ఆడే ఉంటాది. నీళ్లు పోసే పనే ల్యా."

నిజం చెప్పాలి కదా. ఆ మాట విని నేను తల ఊపాను. అందులో శాస్త్రం ఉంది. రాళ్లున్న చేలో తేమ నిలుస్తుందని రైతులూ అంటారు. బీఎస్సీ పట్టా ఉన్న ఆడది తల ఊపాక ఇక ఆయన్ను ఆపేదెవరు?

ఇరవై రెండో రోజు, ఆయన ఫ్యాక్టరీలో పాలిష్ పట్టే ఉరుకుందు వచ్చి తొట్టి కొలతలు తీసుకున్నాడు. సాయంత్రానికి ఆరు బండ ముక్కలు తెచ్చాడు. ముప్పావు అంగుళం మందం, నిమ్మ తొనల్లా కోసి, అద్దంలా పాలిష్ పట్టినవి. తొట్టి మీద గుండ్రంగా పేర్చి, మధ్యలో మొక్కకు పిడికెడు సందు, నీళ్లకు వేలెడు సందు వదిలి, ముక్కల మధ్య తెల్ల సిమెంటు పూశాడు. నల్లటి బండ, తెల్లటి గీతలు, నడుమ పచ్చటి మొక్క. చూడటానికి అందంగానే ఉంది, ఎవరో పెద్దమనిషికి కట్టించినట్టు.

శ్రావణి చుట్టూ తిరిగి చూసి రాసింది: "22వ రోజు. నాన్న మట్టి మీద బండలు పరిచాడు. తేమ పోదని చెప్పాడు. అమ్మ సరే అంది. మట్టి ఇప్పుడు కనబడటం లేదు."

ముప్పై ఒకటో రోజు మొదటి పువ్వు. చిన్నది, పసుపుపచ్చ, పొద్దున్నే పూసి మధ్యాహ్నానికి వాడిపోయేది. మా ఆయన ఎర్రదారం తెచ్చి ప్రతి పువ్వు కాడకూ ఒక ముడి వేశారు.

"గుర్తు అమ్మీ. ఏ దారం కాడ ఏ కాయ కాస్తాదో మనకు తెలియల్ల."

పదకొండు దారాలు కట్టారు. పదకొండు పువ్వులూ వాడిపోయాయి. కాయ మాత్రం రాలేదు. వారం తర్వాత పువ్వు వాడిన చోట్ల నుంచి సూదుల్లాంటివి, కొనలు కాస్త ఊదారంగువి, కిందికి వంగి రావడం మొదలుపెట్టాయి.

"పురుగు!" అన్నారు ఆయన, గోళ్లు కత్తిరించేది పట్టుకుని.

"పురుగు కాదు," అన్నాను నేను, బోటనీ చదివిన ఠీవితో. "వేళ్లు. జొన్నకు మొదలు దగ్గర పైనుంచి వేళ్లు దిగవూ? అట్లాంటివే. మొక్క పడిపోకుండా ఆసరా."

ఆయన కత్తిరించకుండా ఆపిన పుణ్యం మాత్రం నాదే. ఆ సూదులు ఒక్కొక్కటే బండ మీదికి దిగి, దాన్ని తాకి, దారి దొరక్క అటూ ఇటూ పాకి, కొన నల్లబడి ఎండిపోతున్నాయి. "47వ రోజు. మూడు సూదులు బండకు తగిలి ఎండిపోయాయి. ఎందుకో అమ్మకు తెలియదు," అని రాసింది పాప. చివరి వాక్యం అవసరమా అని అడిగాను. చూసిందే రాశానంది.

ఉరుకుందు భార్య ఈరక్క మా ఇంట్లో అంట్లు తోముతుంది. వాళ్లది కోసిగి దగ్గర పల్లె. వానలు పడితే ఆమె సేద్యానికి ఊరికి పోతుంది. పడకపోతే తొందరగా వచ్చేస్తుంది. ఈ ఏడు తొందరగానే వచ్చింది. ఆగస్టు మూడో వారంలో ఒక పొద్దున చీపురు పట్టుకుని పెరట్లోకి వెళ్లి, అక్కడే నిలబడిపోయింది.

"అమ్మో! అమ్మో! ఇట్ల రా! శెనక్కాయ చెట్టుకు గోరీ కట్టిందెవురు?"

"సారు," అంది శ్రావణి. ఇట్లాంటప్పుడు నాన్న అనదు.

"కాయ యాడ కాస్తాదనుకున్నారు పాపా?"

"పువ్వులో."

ఈరక్క చీపురు పక్కన పడేసి, చీర కుచ్చెళ్లు ఎగదోపి తొట్టి ముందు గొంతుక్కూచుంది. ఒక సూదిని వేలి కొనతో పైకెత్తి చూపించింది.

"పువ్వు పైన పూస్తాది. అది వాడినాంక, దాని కడుపులోంచి ఈ ఊడ బయల్దేర్తాది. కొనలో బిడ్డను పెట్టుకోని మట్లోకి దిగల్ల. లోపల చీకట్లోకి పోయినాంకనే కాయ ఊరేది. పైన పెడితే ఎండకు మాడిపోతాది, ఉడతలు తింటాయి, మేకలు తింటాయి. మా తావున ఏ చెట్టుకైనా నీళ్లకన్నా ముందు దాక్కునేది తెలియల్ల పాపా. అందుకే ఇది బిడ్డల్ని మట్లో దాచిపెట్టుకుంటాది. మీరేమో వాకిలి మూసి, దానికి పాలిష్ పట్టినారు."

నా చెవులు వేడెక్కాయి. ఫైనలియర్‌లో వేరుశనగ కాయ గురించి ప్రశ్న వచ్చింది. ఛాయిస్‌లో వదిలేశాను. ఆ ప్రశ్న పద్దెనిమిదేళ్లు ఆగి, నా పెరట్లోకి వచ్చి కూర్చుంది.

"మరి మీ ఆయనకు తెలియదా ఈరక్కా? బండ కోసింది ఆయనే కదా?" అన్నాను, తప్పు ఇంకెవరిదైనా అవుతుందేమోనని.

ఈరక్క అక్కడి నుంచే ఫోన్ కలిపి ఉరుకుందును అడిగింది. స్పీకరులో అతని గొంతు నింపాదిగా వచ్చింది. "తెల్సు. సారు నన్ను అడిగింది కొలత. శెనక్కాయ సంగతి నన్నెవురు అడిగినారు?"

శ్రావణి ఏడవలేదు. పుస్తకం తెరిచి వేళ్ల మీద లెక్క పెట్టింది. "అమ్మా, ప్రదర్శనకు యాభై మూడు రోజులుంది. కాయ ఒక్కటి కూడా లేకపోతే గింజ నుంచి గింజ దాకా ఎట్లా అవుతుంది? పువ్వు దాకానే అవుతుంది."

"ఇంగా పూస్తానే ఉండాది గదా," అంది ఈరక్క. "ఇప్పుడు బండ ఎత్తితే, దిగేవి దిగుతాయి."

సాయంత్రం మా ఆయనకు చెప్పాం. ఆయన పూర్తిగా వినలేదు. "బండ తీస్తే వేళ్లు కదిలి చెట్టు చస్తాది. అయినా ఆ పొద్దు తల ఊపింది నువ్వే గదా? నీ చదువు చూసే గదా నేను బండ కోయించింది?"

నా దగ్గర ఇక ఉన్నదల్లా రోకలి.

మర్నాడు ఆయన లోడు దింపడానికి బెంగళూరు వెళ్లారు. అది యాభై రెండో రోజు. ఆటో మలుపు తిరగగానే నేనూ ఈరక్కా పెరట్లోకి దిగాం. ముందు గరిటె కాడతో తెల్ల సిమెంటు గీకాం. గరిటె వంగింది. తర్వాత రోకలి. మొక్క మీద తడిగుడ్డ కప్పి, ఈరక్క దాన్ని అదిమి పట్టుకుంటే, నేను బండ అంచు మీద మెల్లగా పోటు వేశాను. మెల్లగా వేస్తే ఏమీ కాలేదు. మా ఆయన్ను ఒకసారి తలుచుకుని వేస్తే చీలింది. మూడు ముక్కలు ఊడొచ్చాయి. నాలుగో దానికి తొట్టంతా వణికింది.

"ఆపమ్మా," అంది ఈరక్క. "ఇంగ కొడితే చెట్టు పోతాది. ఆ పక్క పోతే పోనీ. ఈ పక్క చాలు."

అట్లా తొట్టి సగం బండ, సగం మట్టి అయింది. తెరిచిన వైపు మట్టిని గుల్ల చేసి మొక్క మొదలుకు ఎగదోశాం. శ్రావణి మెట్టు మీద కూర్చుని పెన్సిలుతో రాస్తూనే ఉంది. "అమ్మా, ఎన్ని దెబ్బలు?" అని ఒకసారి మాత్రం అడిగింది.

రెండు రోజుల తర్వాత ఆయన వచ్చి, తొట్టి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఎవురు పగలగొట్టింది?"

నిజం నాలుక మీద దాకా వచ్చింది. కానీ ఆ గొంతు విన్నాక నాకేదో పుట్టింది. "ఎవరూ కాదండీ. మొక్కే. వేరు బలం మీకు తెలియనిదా? గోడలో పుట్టిన రావిమొక్క గోడనే చీల్చదూ?"

ఆయన వంగి చీలికను వేలితో తడిమారు. ఆయన ముఖంలో మబ్బు పోయి ఎండ వచ్చింది. "నేను ముందే అనుకున్నా. చిన్నప్పుడు నీళ్లు బాగా తాగింది గదా. ఆ బలం!"

నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్లి కుక్కరు మూత గట్టిగా బిగించాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. వారంలో కడప బండల బజారంతటికీ తెలిసిపోయింది: శివశంకర్ ఇంట్లో శెనక్కాయ చెట్టు ముప్పావు అంగుళం బండను చీల్చింది. చూడటానికి మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్లకు టీలు నేనే పెట్టాను. మైదుకూరు నుంచి బండలు కొనడానికి వచ్చిన ఒకాయన తొట్టిని చూసి, "అయితే మీ బండ అంత మెత్తదా అప్పా?" అని అడిగి, కొనకుండా వెళ్లిపోయాడు. మా ఆయన బాధపడలేదు. బండ మెత్తది కాదు, చెట్టు గట్టిది అన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర శ్రావణి నా వైపు చూసింది. నేను చారు వైపు చూశాను.

మట్టి వైపు ఊడలు ఒక్కొక్కటే దిగాయి. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. తవ్వి చూద్దామని మా ఆయన, వద్దని ఈరక్క.

ప్రదర్శన రోజు పొద్దున శ్రావణి స్నానానికి వెళ్లింది. నోటుపుస్తకం బల్ల మీద ఉంది. తిరగేస్తే యాభై రెండో రోజు దొరికింది. "52వ రోజు. అమ్మ, ఈరక్క బండ పగలగొట్టారు. రోకలితో పంతొమ్మిది దెబ్బలు. మూడు ముక్కలు వచ్చాయి. నాన్న బెంగళూరులో ఉన్నాడు."

దీన్ని ఈరోజు అందరూ చదువుతారు. ఆయనా చదువుతారు. నెలన్నరగా ఊరంతా చాటించుకున్న మనిషి, అందరి ముందు! పాపం ఆయన పరువు ఏం కావాలి? అట్లా ఆలోచిస్తే ఇది నా కోసం కాదు, ఆయన కోసమే. బిల్లుల మీద అంకెలు చెరపడానికి ఆయన తెచ్చుకునే వైట్‌నర్ అక్కడే ఉంది. నాలుగు వాక్యాలు, నాలుగు పూతలు. సీసా మూత అప్పటికే వదులుగా ఉండటం చూశాను గానీ పట్టించుకోలేదు.

స్కూలు హాల్లో పదిహేను బల్లలు. మా తొట్టిని ఈసారి ఉరుకుందు మనుషులతో మోయించి లోపలికి చేర్చాడు. కొందరివి ముల్లంగి, కొందరివి మెంతులు, ఒకబ్బాయిది "చచ్చిపోయింది" అని నిజాయతీగా రాసిన బెండమొక్క. తొట్టి చూడటానికి ఈరక్క కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. న్యాయనిర్ణేత రంగస్వామి సారు, వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన.

శ్రావణి మొక్క మొదలు రెండు చేతులతో పట్టుకుని లాగింది. వాళ్ల నాన్న తొట్టి పట్టుకున్నారు. మట్టి కదిలి, మొక్క ఊడొచ్చింది.

మట్టి ఉన్న వైపు, మట్టి రాలుతూ, పద్నాలుగు కాయలు. బండ ఉన్న వైపు, నల్లగా ఎండిన సూదులు, వాటికి మా ఆయన కట్టిన ఎర్రదారాలు. కాయ ఒక్కటీ లేదు.

రంగస్వామి సారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఇదప్పా ప్రయోగమంటే! ఒకే చెట్టు, ఒకే నీళ్లు, ఒకే ఎండ. ఈ పక్క మట్టి, ఆ పక్క బండ. పాఠం పుస్తకంలో నాలుగు పేజీలు చెప్పేది ఒక్క తొట్టిలో చెప్పిందే ఈ పాప! ఎవురిదమ్మా ఈ ఆలోచన?"

మా ఆయన గొంతు సవరించుకుని చొక్కా కాలరు సర్దుకున్నారు. అంతలో సారు నోటుపుస్తకం తెరిచారు. పేజీలు తిప్పుతూ నవ్వుకుంటున్నవారు ఒకచోట ఆగారు. తిప్పారు. ఇంకోచోట ఆగారు.

"ఇరవై రెండో రోజు మీద తెల్లరంగు. యాభై రెండో రోజు మీద తెల్లరంగు. బండ వచ్చిన రోజూ, పోయిన రోజూ, ఆ రెండే ల్యావు. చూసింది రాయమన్నారు గదమ్మా మీ మేడం? ఏం దాచిపెట్టినావు?"

రెండా? నేను పూసింది ఒకటే కదా. మా ఆయన వైపు చూశాను. ఆయన కుడి బొటనవేలు మీద తెల్లటి మరక.

శ్రావణి పుస్తకం తీసుకుని చూసింది. ముందు ఇరవై రెండు, తర్వాత యాభై రెండు. "నేను రాసినా సార్. రెండు రోజులూ రాసినా. ఎవరో చెరిపేసినారు."

"ఎవురు?"

అది మా ఇద్దరి వైపూ చూడలేదు. ఆ చూడకపోవడం చూస్తే తెలిసిపోయింది, దానికి తెలుసని.

సారు నిట్టూర్చి, దాని చేతిలోంచి పుస్తకం తీసుకుని మూశారు. "చెట్టు బాగుంది. కానీ పుస్తకాన్ని నమ్మేదానికి ల్యాకపోతే చెట్టును ఎట్ల నమ్మేది? పక్కన పెట్టండి శివలీలా." పక్క బల్ల ముల్లంగి వైపు తిరిగారు.

"సార్," అన్నారు మా ఆయన. "ఆ వైట్‌నర్ సీసా ఉండాది చూడండి, దాని మూత..."

ఆగిపోయారు. శ్రావణి నేల చూస్తోంది. ఆయన దాని జడ వైపు చూసి, బొటనవేలు చొక్కాకు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టారు.

"మూతది ఏం ల్యా సార్. ఇరవై రెండో పేజీ నేను పూసినా, ఈ పొద్దున్నే. బండలు పర్చింది నేను. కాయ పువ్వులో కాస్తాదనుకున్నా. పాపకు ఏం సంబంధం ల్యా. తప్పు నాది సార్."

పదమూడేళ్లు ఎదురుచూసిన మాట. విన్నాక నేను గెంతులేయాలి. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. గుమ్మం దగ్గర ఈరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రంగస్వామి సారు వెనక్కి వచ్చారు. జేబులోంచి పెన్సిలు తీసి శ్రావణికి ఇచ్చారు. "రాయమ్మా. తెల్లరంగు మీదనే రాయి." అది గబగబా రాసింది. ముక్కు ఎగబీల్చింది. పేజీలు తిప్పి యాభై రెండు దగ్గర ఆగి, పెన్సిలు పట్టుకుని తల ఎత్తింది.

"ఇదొకటి తేలితే పుస్తకం తీసుకుంటా," అన్నారు సారు.

"అది నేను పూయలేదు సార్, దేవుని తోడు," అన్నారు మా ఆయన. "ఆ రోజు నేను ఊర్లోనే ల్యా. ఆ పొద్దు బండను చెట్టే చీల్చింది, కావాలంటే ఈమెను అడగండి." ఎంతో నమ్మకంగా నా వైపు చెయ్యి చూపించారు.

హాలంతా నా వైపు తిరిగింది. నేను వెతికాను. తెల్ల సిమెంటుది తప్పు. ఆ గొంతుతో అడిగిన ఆయనది తప్పు. ఛాయిస్ ఇచ్చిన యూనివర్సిటీది తప్పు. ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా, టేపు, సన్నని అక్షరాలు, అన్నీ ఒకసారి కళ్ల ముందు తిరిగాయి. వాటిలో ఏదీ నన్ను కాపాడటానికి ముందుకు రాలేదు. పాప పెన్సిలు కొన కాగితం మీద ఆనించి, రాయకుండా, ఆగి ఉంది.

"చీల్చింది చెట్టు కాదు సార్, రోకలి," అన్నాను. "కొట్టింది నేను. ఈయనకు అబద్ధం చెప్పింది నేను. అది బయటపడకూడదని పాప పేజీ చెరిపింది కూడా నేనే. ఆయన బండ పరుస్తుంటే తల ఊపింది మొదలు, తప్పు నాదే."